మిల్లు ఊళ్ల నక్షాలు మాకు అచ్చువేసి ఇవ్వండి

భారత సర్వేయర్ జనరల్ గారికి బహిరంగ లేఖ



పొలం ఉన్న రైతు తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి సర్వే నంబరు చెబితే గ్రామ నక్షా చూపిస్తారు, అడిగితే టిప్పన్ నకలు ఇస్తారు. గట్టు ఎక్కడ, బండ్లబాట ఎక్కడ, వాగు ఏ మూలన మలుపు తిరిగింది అన్నదంతా కాగితం మీద ఉంటుంది. చేతిమగ్గం కూడు పెట్టక సోలాపూర్‌కో బొంబాయికో బతకబోయిన నేతవాళ్ల సంతతికి ఆ భాగ్యం లేదు. మా పెద్దలు కాపురమున్న వాడ ఏదో చూపించమంటే చూపే కాగితం మాకు దొరకదు. అలాగని ఆ కాగితాలు అసలు లేవా అంటే, ఉన్నాయి. ఎవరో ఎండలో గొలుసు లాగి కొలిచారు, గీశారు, అచ్చువేశారు. అవి మీ సంస్థలో కొన్ని, జాతీయ అభిలేఖాగారంలో కొన్ని, రాష్ట్రాల సిటీ సర్వే కార్యాలయాల్లో కొన్ని చెదిరి ఉన్నాయి. మిల్లులతో బతికిన ఊళ్ల పాత పటాలను వెతికి తీసి, మళ్లీ అచ్చువేసి, కూలి మనిషి కొనగలిగిన ధరకు అమ్మండి. ఈ ఉత్తరం అందుకోసమే.

నేను తెలంగాణ నుంచి సోలాపూర్ మిల్లులకు వెళ్లిన పద్మశాలీ కుటుంబంలో పుట్టినవాణ్ణి. మా ఇంట్లో ముచ్చట్లన్నీ మిల్లు చుట్టూనే తిరిగేవి. ఎవరు సాంచా (మగ్గాల) ఖాతాలో ఉన్నారు, ఎవరిది రాత్రి షిఫ్టు, ఎవరు బదిలీ (ఒకరి బదులు పనికెక్కే) కార్మికుడిగానే ముసలివాడయ్యాడు, భోంగా (మిల్లు కూత) మోగాక ఎన్ని నిమిషాలకు గేటు వేసేవారు, ఇవే. ఏ సందులోంచి మిల్లుకు నడిచేవారని అడిగితే పెద్దవాళ్లు వేలితో గాలిలో గీసి చూపేవారు. ఇప్పుడు ఆ వేళ్లూ లేవు, ఆ సందుల్లో చాలావరకూ లేవు. అందుకే ఈ విన్నపం నాకు సొంత పని కూడా.

నేను అడుగుతున్నది కొత్త వింతేమీ కాదు. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లు ఊళ్ల విషయంలో ఇది కొన్ని దశాబ్దాలుగా జరుగుతూనే ఉంది. అక్కడి సర్వే సంస్థ పేరు ఆర్డ్‌నెన్స్ సర్వే. 1791లో పుట్టింది, అంటే 1767లో మొదలైన మీ సంస్థ కంటే చిన్నది. 1840ల్లో ఆ సంస్థ లాంకషైర్, యార్క్‌షైర్ ప్రాంతాలను మైలుకు ఆరంగుళాల స్కేలు మీద కొలిచింది. జనం కిక్కిరిసిన పట్టణాలకు అది చాలదని మైలుకు ఐదడుగుల స్కేలు తీసుకుంది. అంటే పటం మీద ఒక అంగుళం, నేల మీద 88 అడుగులు. ఆ తర్వాత దేశంలో చాలా భాగానికి 1:2500 స్కేలు స్థిరపడింది. ఆ పటం మీద ఒక చదరపు అంగుళం ఇంచుమించు ఒక ఎకరం. కొన్ని పట్టణాలకైతే 1:500 దాకా వెళ్లారు. ఆ పటాల్లో వీధి దీపాల స్తంభాలూ, గడప ముందు మెట్లూ, చర్చిలో ఎందరికి కూర్చునే చోటు ఉందో ఆ లెక్కా కనిపిస్తాయి.

ఆ పటాల్లో ఓల్డమ్ ఊరిని చూడండి. మాంచెస్టర్‌కు ఈశాన్యంగా ఏడు మైళ్ల దూరంలో, ఎత్తైన నేల మీద ఉన్న ఊరది. 1911 నాటికి ఆ ఒక్క ఊళ్లో కోటీ అరవై లక్షలకు పైగా కదుళ్లు తిరిగేవి. అప్పటికి ప్రపంచమంతటా మిల్లుల్లో ఉన్న కదుళ్లు సుమారు 14 కోట్లు. అంటే ప్రతి తొమ్మిదింటిలో దాదాపు ఒకటి ఓల్డమ్‌దే. ఆ ఊరి ప్లాట్ బ్రదర్స్ కర్మాగారం నూలు యంత్రాల తయారీలో లోకంలోకెల్లా పెద్దదిగా పేరుపడింది. 1890ల్లో అందులో 15 వేలమంది దాకా పనిచేశారు. అక్కడ పోతపోసిన యంత్రాలు ఓడలెక్కి మన దేశపు మిల్లులకూ వచ్చాయి.

ఈ లెక్కలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. పుస్తకం చెప్పలేనివి కొన్ని పటం చెబుతుంది. ప్రతి మిల్లు పక్కనా ఒక చెరువు గీసి ఉంటుంది. ఆవిరి యంత్రంలో ఆవిరిని మళ్లీ నీరుగా మార్చడానికి చల్లని నీళ్లు కావాలి. గుట్ట మీది ఊరికి పెద్ద నది లేదు కాబట్టి ఎవరి చెరువు వారే తవ్వుకున్నారు. ఊరి చుట్టూ బొగ్గు గనుల గుంతలు, వాటి దగ్గరికి పట్టాలు. మిల్లు గోడను ఆనుకుని వరసగా ఇళ్లు. ఒక్కో ఇంటికీ గీత గీసి, వెనక పెరడు, పెరట్లో మరుగుదొడ్డి వేరువేరుగా చూపారు. వరసకు ఒక మూల సారా దుకాణం, మరో మూల ప్రార్థనామందిరం. మిల్లు పేరు రాసి, పక్కనే అది పత్తి మిల్లని కూడా రాశారు. 1860ల్లో నిలబడిన సన్ మిల్లు ఆ ఊరి పనివాళ్లు ఐదేసి పౌండ్ల వాటాలు కొని నిలబెట్టుకున్నది. దాని దారిలోనే ఓల్డమ్‌లో వాటాదారుల మిల్లులు వరసగా లేచాయి. నీళ్లు, బొగ్గు, ఇల్లు, గుడి, కూలి, వాటా, ఇవన్నీ ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉన్నాయో ఆ ఒక్క కాగితం మీద కంటికి కడుతుంది.

ఓల్డమ్‌లో చివరి నూలు మిల్లు 1998లో ఆగింది. ఆ వరస ఇళ్లలో ఎన్నింటినో రెండో ప్రపంచయుద్ధం తర్వాత కూల్చేశారు. అయినా ఇవాళ ఓల్డమ్ మనవరాలు ఒకామె, తన తాతమ్మ ఏ గుమ్మంలోంచి బయటికొచ్చి ఏ మిల్లు గేటులోకి వెళ్లిందో చూడాలనుకుంటే చూడగలదు. ఎందుకంటే ఆ పటాలను అచ్చువేసి అమ్మేవాళ్లున్నారు. అలన్ గాడ్‌ఫ్రీ మ్యాప్స్ అనే చిన్న ప్రచురణ సంస్థ 1980ల నుంచి ఈ పనే చేస్తోంది. అది ఉన్న చోటు కాన్సెట్ ప్రాంతం. 1980లో ఉక్కు కర్మాగారం మూతపడి, ఊరంతా పని పోగొట్టుకున్న చోటు. ఆ సంస్థ పాత 1:2500 పటాన్ని కొంత కుదించి, ఒక పేట మొత్తం ఒక్క కాగితంలో ఇమిడేలా మడతపెట్టి ఇస్తుంది. వెనకవైపు ఆ పేట చరిత్ర తెలిసినవారు రాసిన వ్యాసం ఉంటుంది. చాలా పటాల మీద ఆ కాలపు వ్యాపారుల జాబితాలోంచి ఏ వీధిలో ఏ ఇంట ఎవరుండేవారో కూడా అచ్చువేస్తారు. ధర కొద్ది పౌండ్లే. ఇదిగాక స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం ఇంగ్లండు పాత పటాలను కూడా స్కాన్ చేసి, ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టింది.

మిల్లు యజమాని చరిత్ర ఎలాగూ నిలుస్తుంది. కంపెనీ రికార్డుల్లో, శిలాఫలకాల మీద, రోడ్ల పేర్లలో అది ఉంటుంది. మిల్లులో పనిచేసిన మనిషి కాగితం మీద కనిపించేది హాజరు పట్టీలో ఒక నంబరుగా, అదీ మిల్లు మూతపడ్డ రోజున చెత్తలోకి పోతుంది. అతని ఇల్లు, అతని సందు, అతను నీళ్లు తోడిన బావి ఒక్క పటం మీదే మిగులుతాయి. సర్వే చేసినవాడు యజమాని బంగళాకూ కూలివాడి గదికీ ఒకే గొలుసు పట్టాడు. అందుకే ఈ పటాలు బీరువాలో ఉండిపోవడం వేరే ఏ కాగితం బీరువాలో ఉండిపోవడం కంటే పెద్ద నష్టమని నేను నమ్ముతున్నాను.

ఓల్డమ్‌కూ మనకూ ఏం సంబంధమని ఎవరైనా అంటే, సంబంధం గోదావరి ఒడ్డునే ఉంది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై పత్తి రాక ఆగిపోయినప్పుడు లాంకషైర్ మిల్లులు పస్తులున్నాయి. అంతకు ముందునుంచే అక్కడి వర్తకులు మన దేశపు పత్తి కోసం చూస్తున్నారు. వార్ధా లోయలో, బీరారులో పండే పత్తిని పడవల మీద గోదావరి వెంట సముద్రానికి దించాలని ఆర్థర్ కాటన్ పట్టుబట్టారు. ఆ ఆలోచనతోనే దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. ఖర్చు పెరిగి, రైలు ముందుకొచ్చి, 1871లో ఆ పడవదారి పథకాన్ని వదిలేశారు. మీ సంస్థ మహా త్రికోణమితీయ సర్వేకు ప్రాణం పోసిన విలియం లాంబ్టన్ 1823లో కన్నుమూసింది కూడా ఆ వార్ధా లోయలోని పత్తి ఊరు హింగన్‌ఘాట్‌లోనే. మన నేలను ఇంత శ్రద్ధగా కొలవడం వెనక జ్ఞానదాహం ఎంత ఉందో పన్ను, పత్తి, పటాలం అవసరమూ అంతే ఉంది. ఎవరి అవసరానికి కొలిచినా, కొలతలో ఉన్నది మన ఊళ్లే. వాటిని మనం చదువుకోవలసిన కాలం వచ్చింది.

మన మిల్లు ఊళ్ల సంగతికి వస్తాను. 1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ బొంబాయిలో తొలి నూలు మిల్లుకు కంపెనీ పెట్టారు. సర్వే అధికారి లాటన్ 1872 ప్రాంతంలో ముగించిన బొంబాయి సర్వే నాటికి ఉత్తరాన పరేల్ వైపు తోటలు, పొలాలు ఇంకా మిగిలి ఉన్నాయి. తర్వాత ముప్ఫై ఏళ్లలో పరేల్, లాల్‌బాగ్, వర్లీ పొగగొట్టాలతో నిండి గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు అయింది. ఆ మిల్లుల్లో కొంకణం, సతారా మనుషులతో పాటు మన పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ మనుషులూ పనిచేశారు. అంతకు ముందే తెలంగాణ నుంచి వెళ్లి ఆ నగరానికి రాళ్లు మోసిన కామాఠీల పేరు మీదే కామాఠీపుర ఉంది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షలమంది మిల్లులు వదిలి బయటికొచ్చారు. చాలామంది మళ్లీ లోపలికి వెళ్లనే లేదు. ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు మాల్. 1920ల్లో వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు దగ్గర కట్టిన బీడీడీ చాళ్ల (కార్మికుల వరస గదుల) స్థానంలో టవర్లు లేస్తున్నాయి. టవర్‌లో ఇల్లు దొరికిన కుటుంబం సంతోషంగా ఉండాలనే నా కోరిక. కానీ వాళ్ల పిల్లలకు చూపడానికి పాత చాళ్ల పటం ఒకటి గోడ మీద ఉండాలి కదా.

సోలాపూర్‌లో 1870ల్లో మొదలైన తొలి మిల్లును జనం జూనీ మిల్లు అనేవారు. తర్వాత నర్సింగ్‌గిర్జీ, లక్ష్మీ, విష్ణు, జామ్ మిల్లులు వచ్చాయి. ఊరి తూర్పు భాగమంతా, సాఖర్‌పేఠ్, దాజీపేఠ్, కన్నా చౌక్ చుట్టుపక్కలా తెలుగు మాటే. 1930 మే నెలలో గాంధీజీ అరెస్టు వార్త విని మిల్లు కార్మికులు వీధుల్లోకి వచ్చినప్పుడు పోలీసులు వెనక్కి తగ్గారు, కొద్దిరోజులు ఊరు జనం చేతిలో ఉంది. తర్వాత మార్షల్ లా విధించారు. మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ షిండే, కుర్బాన్ హుసేన్, శ్రీకిషన్ సార్డాలను 1931 జనవరి 12న ఉరితీశారు. జనం ఏ మిల్లు గేటు దగ్గర కూడారు, ఏ దారిన కోర్టు వైపు నడిచారు, పటాలం ఏ రోడ్డు మీద నిలబడింది అన్నది ఆ కాలపు నక్షా ముందుంటే బడిపిల్లవాడికి కూడా అర్థమవుతుంది. అది లేకపోతే నాలుగు పేర్లు, ఒక తేదీ బట్టీపట్టడమే మిగులుతుంది.

ఓరుగల్లులో 1934లో మొదలైన అజంజాహీ మిల్లు తర్వాత నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వచ్చి, ఈ శతాబ్దం మొదట్లో మూతపడింది. ఆ స్థలం ప్లాట్లయింది. ఒకప్పుడు వేలమంది గేటు దాటిన చోట ఇప్పుడు కొత్త కాలనీలున్నాయి. వాటిలో పెరుగుతున్న పిల్లలు తమ ఇంటి కింద ఏ షెడ్డు ఉండేదో తెలుసుకోవద్దా?

పటం ఒక ఊరికి ఎంత మేలు చేస్తుందో హైదరాబాదు చూపించింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచెత్తాక, లెనర్డ్ మన్ ఆధ్వర్యంలో 1912, 1915 మధ్య నగరాన్ని సందుసందూ కొలిచారు. ఇళ్లు, బావులు, తోటలు, నాలాలు గీసిన ఆ పటాలు వందేళ్ల తర్వాత కూడా పరిశోధకులకూ, పాత కట్టడాలను కాపాడేవారికీ పని చేస్తున్నాయి. చెరువుల హద్దుల మీద తగవు వచ్చిన ప్రతిసారీ పాత నక్షాలు బయటికి తీయక తప్పడం లేదు. మిల్లు స్థలాలకు ఈ అవసరం మరీ ఎక్కువ. బ్రిటన్‌లో పాత కర్మాగారం ఉన్న నేల మీద ఇళ్లు కట్టేముందు పాత పటాలు చూడటం మామూలు పద్ధతి. అద్దకపు కార్ఖానా ఎక్కడుండేది, గ్యాసు తయారీ ఎక్కడ జరిగేది, ఏ చెరువు పూడ్చారు, ఏ గని మూశారు అన్నది తెలిస్తే, ఏ మట్టిని పరీక్షించాలో, ఎక్కడ పునాది కుంగే ప్రమాదముందో తెలుస్తుంది. మన మిల్లుల్లోనూ అద్దకం ఉంది, బాయిలర్లున్నాయి, బొగ్గు బూడిద పోసిన గుంతలున్నాయి. వాటి మీద మనం అపార్టుమెంట్లు కట్టుకుంటున్నాం.

అడ్డంకులు ఏమున్నాయో కూడా ఆలోచించాను. హక్కుల సమస్య పెద్దది కాదు. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రచురణ మీద హక్కు ఉండేది అరవై ఏళ్లు. 1960కి ముందు అచ్చయిన ప్రభుత్వ పటాలకు ఆ గడువు దాటిపోయింది. భద్రత పేరుతో పటాల మీద ఉన్న ఆంక్షలను 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో కేంద్రమే చాలావరకు సడలించింది. 2022 నాటి జాతీయ జియోస్పేషియల్ విధానం కూడా ప్రజాధనంతో తయారైన సమాచారం ప్రజలకు అందాలనే అంటోంది. మీరు ఇప్పటికే 1:50,000 పటాలను ఉచితంగా దించుకోనిస్తున్నారు. ఆ తలుపు ఇంకొంచెం తెరవమనే అడుగుతున్నాను. ఎందుకంటే ఆ స్కేలులో ఒక మిల్లు చిన్న గుర్తుగా కనిపిస్తుందేమో గానీ, కార్మికుడి ఇల్లు కనిపించదు.

ఇక నా విన్నపాలు విడివిడిగా చెబుతాను. మొదట, మిల్లు ఊళ్లకు ఉన్న పెద్ద స్కేలు పాత పటాల జాబితా ఒకటి తయారు చేయించండి. ఏ పటం ఎక్కడుంది, ఏ సంవత్సరానిది, ఏ స్థితిలో ఉంది అన్నది అందరికీ తెలిసేలా ప్రకటించండి. ఇందులో జాతీయ అభిలేఖాగారాన్నీ, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, గుజరాత్, తమిళనాడు రాష్ట్రాల భూమి రికార్డుల శాఖలనూ కలుపుకోండి. ఈ పిలుపు ఇంకెవరు ఇచ్చినా, మీరిస్తే వచ్చే బరువు రాదు.

రెండోది, మంచి స్పష్టతతో స్కాన్ చేసి ఉచితంగా చూసే వీలు కల్పించండి. దాంతోనే ఆగకుండా కాగితం మీద కూడా అచ్చువేయండి. డెబ్బై ఏళ్ల రిటైరైన కార్మికుడు ఫోను తెరను వేళ్లతో సాగదీస్తూ తన వాడ వెతుక్కోలేడు. కాగితం నేల మీద పరిస్తే నలుగురూ చుట్టూ కూర్చుని వేలు పెట్టి చూపుకుంటారు. ఇక్కడ మన ఇల్లు, ఇక్కడ మీ మేనత్త ఇల్లు, ఇక్కడ సంఘం ఆఫీసు అని అప్పుడు బయటపడే సంగతులు ఏ రికార్డులోనూ లేవు. అవి రాసుకునే చివరి అవకాశం ఈ తరంతోనే ఉంది.

మూడోది, పటం వెనకవైపు ఆ పేట చరిత్ర రాయించండి. ఆ ఊళ్లో బతికినవారి భాషల్లో రాయించండి. సోలాపూర్ పటానికి మరాఠీ, తెలుగు, కన్నడం, ఉర్దూ నాలుగూ కావాలి. ఆ పాత పటాలు గీసింది పరాయి కళ్లు. పేర్లు తప్పుగా పలికారు, తప్పుగానే రాశారు. యాభై కుటుంబాలున్న చాళ్‌ను ఒకే దిమ్మెగా గీసి వదిలేశారు. అసలు పటాన్ని తాకకండి, ఉన్నదున్నట్టే అచ్చువేయండి. ఆ లోటును వెనకవైపు పూడ్చండి. జనం వాడిన పేర్లు, వాడల్లో ఎవరెవరు ఎక్కడినుంచి వచ్చి ఉన్నారో ఆ వివరాలు అక్కడ చేరాలి. కార్మిక సంఘాల పాతవాళ్లనూ, కుల సంఘాలనూ, స్థానిక చరిత్రకారులనూ అడిగితే సంతోషంగా చెబుతారు.

నాలుగోది, ధర ఒక సినిమా టిక్కెట్టు మించకుండా చూడండి. ఆ ఊరి ప్రతి ప్రభుత్వ బడికీ, ప్రతి శాఖా గ్రంథాలయానికీ ఒక ప్రతి ఉచితంగా పంపండి. మీరే అచ్చువేయలేకపోతే, అచ్చువేస్తామని ముందుకొచ్చే చిన్న ప్రచురణకర్తలకు స్కాన్లు ఇచ్చి అనుమతించండి. ఓల్డమ్ పటాలను ఇన్నాళ్లు బతికించింది ఒక చిన్న సంస్థే.

దుబారా అని ఎవరైనా అంటే మీరు వెనక్కి తగ్గవద్దని ప్రార్థన. ఈ పటాలకు కొలత కూలి ఎప్పుడో చెల్లించాం, మా పూర్వీకుల పన్నుల్లోంచే. మిగిలింది కాగితం, సిరా, మీ సంతకం.

మొదటి పటం సోలాపూర్ తూర్పు భాగానిది కావాలని నా ఆశ. తర్వాత గిరణ్‌గావ్, ఓరుగల్లు. మీరు ప్రకటన ఇచ్చిన రోజునే, ఆ ఊళ్లలో ఉన్న తెలుగు సంఘాలను కలిసి, వెనకవైపు రాయవలసిన వాడల పేర్లూ, జ్ఞాపకాలూ సేకరించే పని నేను మొదలుపెడతాను. నాతో కలిసి ఆ పని చేసేవాళ్లు సోలాపూర్‌లో, వర్లీలో, భీవండిలో, సిరిసిల్లలో ఉన్నారు. మీ నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నాం.

గౌరవంతో,
సోలాపూర్ మిల్లు కార్మికుల కుటుంబంలో పుట్టిన ఒక తెలుగు రచయిత